చివరిదాకా వినగలిగినవే: నా ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల వరుస

ఎలక్ట్రానిక్ సంగీతంలో గొప్ప ఆల్బమ్‌లు ఏవి అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. మొదటిది చరిత్ర చెప్పే జవాబు: ఏది ముందొచ్చింది, ఎవరి దారి ఎవరు పట్టారు, ఎవరి బీట్ ముక్కని ఎవరు తమ పాటలో అతికించుకున్నారు (శాంపిల్ చేశారు). రెండోది వాడకం చెప్పే జవాబు: ఇన్నేళ్లలో ఏది మళ్లీ మళ్లీ విన్నాం, ఏది కొన్నాళ్లు ఊపేసి మూలన పడింది. ఇక్కడ రాస్తున్నది రెండో రకం. షరతు ఒక్కటే పెట్టుకున్నాను. మొదటి ట్రాక్ మొదలయ్యాక చివరిదాకా ఫోన్ ముట్టుకోకుండా వినగలగాలి. కొత్తలో కాదు, ఏళ్లు గడిచాక.

ఈ షరతు వల్ల కొందరికి అన్యాయం జరుగుతుంది. యంత్రాల తాళం మీద నడిచే డ్యాన్స్ సంగీతం, డెట్రాయిట్ టెక్నోని పుట్టించిన జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ నా వరుసలో ఎక్కడా కనిపించరు. వాళ్ల సంగీతం ఒకటి రెండు పాటలే ఉండే 12 అంగుళాల రికార్డుల్లో, అంటే సింగిల్స్‌లో ఉంది. ఒక డీజే దాన్ని ఇంకో రికార్డుతో కలిపి, తెల్లవారుజామున డ్యాన్స్ ఫ్లోర్ మీద వినిపించడానికి చేసినది. డెరిక్ మే 1987లో 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' తెచ్చాడు. దానికి ముందు ఓ పాట, తర్వాత ఓ పాట పేర్చి ఆల్బమ్ చెయ్యాల్సిన అవసరం అతనికి రాలేదు. కాబట్టి ఆల్బమ్‌లకు ర్యాంకులిచ్చే ఏ జాబితా అయినా ఇంట్లో కూర్చుని వినేవాళ్ల జాబితానే, నాదీ అంతే. "టెక్నోలో గొప్పది ఏది" అన్న ప్రశ్నకు జవాబు ఇందులో వెతక్కండి.

మొదటి స్థానం జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ వాళ్ల 'కంప్యూటర్ వరల్డ్'ది. 1981లో వచ్చింది. ఏడు ట్రాకులు, సుమారు 34 నిమిషాలు. చాలామంది ఇదే బృందం 1977లో చేసిన 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్'ని పైన పెడతారు. చరిత్ర లెక్కలో అది సబబే. నాకు మాత్రం అందులో రెండు చోట్ల గడియారం మీదికి చూపు పోతుంది. 'కంప్యూటర్ వరల్డ్'లో ఒక్క సెకను కూడా ఎక్కువ లేదు. ప్రతి శబ్దం చుట్టూ ఖాళీ జాగా వదిలారు. బేస్ ఒక చోట, డ్రమ్ ఒక చోట, గొంతు ఇంకో చోట, ఒకదాని మీద ఒకటి పడవు. అందుకే చవక ఫోన్ స్పీకర్‌లో కూడా పాట పాటలాగే వినిపిస్తుంది. మంచి స్పీకర్లు పెడితే ఆ ఖాళీ ఇంకా పెద్దదవుతుంది.

'నంబర్స్' ట్రాక్‌లో చేసిందల్లా పలు భాషల్లో అంకెలు లెక్కపెట్టడమే. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో డీజే ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్' చేసినప్పుడు ఆ తాళాన్నీ, 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్' బాణీనీ కలిపాడు. డుస్సెల్‌డార్ఫ్‌లో నలుగురు జర్మన్లు తమ క్లింగ్ క్లాంగ్ స్టూడియోలో తలుపులేసుకుని చేసింది బ్రాంక్స్ వీధుల్లో హిప్ హాప్ అయింది. ఇది తెలియకపోయినా ఆల్బమ్ నచ్చుతుంది. తెలిశాక ఆ డ్రమ్ వింటే ఒళ్లు పులకరిస్తుంది. మొదటి పాటలో ఇంటర్‌పోల్, డాయిష్ బ్యాంక్, ఎఫ్‌బీఐ, స్కాట్లాండ్ యార్డ్ పేర్లు వరుసగా వస్తాయి. మన వివరాలన్నీ ఎవరెవరి యంత్రాల్లో చేరుతున్నాయో 1981లోనే అంత చల్లగా పాడేశారు, కోపం గానీ హెచ్చరిక గానీ ఏమీ లేకుండా. అన్నట్టు దీనికి జర్మన్ వెర్షన్ కూడా ఉంది, వీలైతే అదే వినండి. ఆ యంత్రపు గొంతుకి జర్మన్ అక్షరాలు ఇంకా బాగా అమరాయి. 2009లో వచ్చిన రీమాస్టర్‌లో (పాత రికార్డింగునే మళ్లీ సరిదిద్దిన కూర్పులో) శబ్దం శుభ్రంగానే ఉంది కానీ సౌండ్ పెంచేశారు. పాత సీడీ దొరికితే వదులుకోవద్దు.

రెండోది ఏఫెక్స్ ట్విన్ 'సెలెక్టెడ్ ఆంబియంట్ వర్క్స్ 85–92'. బెల్జియం లేబుల్ ఆర్ అండ్ ఎస్‌కి అనుబంధమైన అపోలో నుంచి 1992లో వచ్చింది. ఏఫెక్స్ ట్విన్ అసలు పేరు రిచర్డ్ డి. జేమ్స్, ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో పెరిగిన కుర్రాడు, ఆల్బమ్ వచ్చేనాటికి వయసు 21. పేరులో ఉన్న సంవత్సరాలను నమ్మితే కొన్ని ముక్కలు బడికి వెళ్లే రోజుల్లో చేసినవి. క్యాసెట్ల మీద రికార్డు చేసిన సంగీతం కాబట్టి అన్నిటి మీదా సన్నటి బుస ఉంటుంది. పై స్థాయి శబ్దాలు అరిగిపోయినట్టుంటాయి. నిజానికి ఈ ఆల్బమ్ అందమంతా అక్కడే ఉందనిపిస్తుంది. 'ఎక్స్‌టల్'లో ఆ ఆడగొంతు మాటలు లేకుండా దూరం నుంచి తేలి వస్తుంది, కింద కిక్ డ్రమ్ మెత్తగా కొడుతూ ఉంటుంది. పేరులో ఆంబియంట్ (వెనక మెల్లగా పరుచుకునే సంగీతం) అని ఉంది గానీ ముప్పావు వంతు ట్రాకులకు కాలు ఆడుతుంది.

దీన్ని మొదటి స్థానంలో ఎందుకు పెట్టలేదంటే నిడివి. 74 నిమిషాల పైమాట. మధ్యలో 'గ్రీన్ కాల్క్స్', చివరి వైపు 'హెడ్‌ఫెలిమ్' వచ్చేసరికి అదివరకు ఉన్న మెత్తదనం పోయి గీకుడు మొదలవుతుంది. షరతు ప్రకారం నేను దాటేయకుండా విన్నాను, వింటూనే ఉన్నాను, అవి మాత్రం ఇప్పటికీ దగ్గర కాలేదు. 1994లో వచ్చిన రెండో సంపుటి ఇంకా గొప్పదని వాదించేవాళ్లు నాకు తెలుసు. అది రాత్రి ఒంటరిగా వినేవాళ్ల సరుకు. నేను ఎక్కువగా పని చేసుకుంటూ వింటాను. దానితో పని సాగదు, గదిలో ఇంకెవరో ఉన్నట్టు అనిపించి వెనక్కి చూడాల్సి వస్తుంది.

మూడోది వింటే మన చెవులకి దగ్గరి చుట్టరికం తెలుస్తుంది. చరణ్‌జీత్ సింగ్ 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. 1982లో హెచ్‌ఎంవీ వేసింది. ఆయన బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన సెషన్ కళాకారుడు. కొత్తగా వచ్చిన మూడు రోలాండ్ యంత్రాలు తీసుకున్నాడు: బేస్ కోసం టీబీ-303, తాళానికి టీఆర్-808, రాగం పలికించడానికి జూపిటర్-8 సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు). ఒక్కో రాగానికి ఒక్కో ట్రాక్. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో బాంబే కనెక్షన్ అనే లేబుల్ మళ్లీ విడుదల చేశాకే ప్రపంచం ఉలిక్కిపడింది. ఎందుకంటే టీబీ-303 జారుడు స్వరాలతో షికాగోలో ఫ్యూచర్ బృందం 'యాసిడ్ ట్రాక్స్' వేసింది 1987లో. ఆ శబ్దం మీదే నడిచే డ్యాన్స్ సంగీతం, యాసిడ్ హౌస్, అక్కడ పుట్టిందని అందరూ రాసుకున్నారు. అయిదేళ్ల ముందే అదే శబ్దం బొంబాయిలో రికార్డయి ఉంది.

"యాసిడ్ హౌస్ కనిపెట్టింది మనవాడే" అని ఛాతీ విరవడం నాకు రుచించదు. షికాగో వాళ్లు ఈ రికార్డు విని నేర్చుకున్నదేమీ లేదు, రెండూ వేరువేరుగా పుట్టాయి. అలా ఎలా జరిగిందన్నదే నాకు ఆసక్తి. టీబీ-303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ ఉంది. బేస్ గిటార్‌కి బదులుగా అమ్ముదామని చేసిన ఆ యంత్రం ఆ పనికి ఎవరికీ పనికిరాలేదు, 1984కల్లా తయారీ ఆగిపోయింది. కానీ ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం మన సంగీతానికి ప్రాణం. రాగం తెలిసినవాడి చేతిలో పడితే ఆ యంత్రం అటే పోతుంది మరి.

కర్ణాటక సంగీతం చెవిన పడుతూ పెరిగినవాళ్లకి ఇందులో ఇంకో సరదా ఉంది. భూపాలి మన మోహన, మాల్కౌంస్ మన హిందోళం, యమన్ మన కల్యాణికి దగ్గర, కళావతి వలజికి దగ్గర. తోడి అని పేరుంది కదా అని మన తోడిని ఊహించుకుని వింటే తికమక పడతారు. హిందుస్తానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. సంగీతం నేర్చుకున్న మా అత్తయ్యకి మాల్కౌంస్ ట్రాక్ వినిపిస్తే, "హిందోళమే, కానీ ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు వాయిస్తున్నాడేంట్రా" అంది. అంతకన్నా మంచి సమీక్ష నేను రాయలేను. లోపం కూడా ఆవిడ మాటలోనే ఉంది. తాళం పది రాగాలకీ దాదాపు ఒక్కటే, వేగమూ అంతే. రాగానికి తగ్గట్టు విశ్రాంతి లేదు. అందుకే మూడు.

నాలుగు, బోర్డ్స్ ఆఫ్ కెనడా 'మ్యూజిక్ హాజ్ ద రైట్ టు చిల్డ్రన్', 1998. స్కాట్లాండ్ అన్నదమ్ములు. పాత విద్యా చిత్రాల్లో వినిపించే లాంటి సింథ్ శబ్దాలను కావాలని ఎగుడుదిగుడుగా, టేపు సాగినట్టు వణికించి పెట్టారు. బృందం పేరు కూడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా నుంచే వచ్చింది. ఆ చిత్రాలు చూసిన బాల్యం నాకు లేదు. అయినా గతం తలుచుకుంటున్నట్టే ఉంటుంది, మన గతం కాకపోయినా. 'రాయ్‌జీబివ్' రెండున్నర నిమిషాలే, ఆల్బమ్ మొత్తానికి అదే గుండెకాయ. చిన్న చిన్న అతుకుల ట్రాకులు మరీ ఎక్కువయ్యాయని మాత్రం అనిపిస్తుంది.

అయిదు, బరియల్ 'అన్‌ట్రూ', 2007. లండన్‌లోని హైపర్‌డబ్ లేబుల్. ఇతను మామూలుగా అందరూ వాడే సీక్వెన్సర్ (శబ్దాలను గడుల్లో కచ్చితంగా పేర్చే సాధనం) వదిలేసి సౌండ్ ఫోర్జ్ అనే ఆడియో ఎడిటర్‌లో, తరంగ రేఖను కళ్లతో చూసుకుంటూ డ్రమ్ దెబ్బలు అతికించాడు. అందువల్ల తాళం గీత గీసినట్టు పడదు, కొంచెం తడబడుతూ మనిషి నడకలా ఉంటుంది. గొంతుల శ్రుతి మార్చేయడంతో పాడేది ఆడో మగో తెలియదు. వెనక వాన, రికార్డు చిటపటలు. దీన్ని స్పీకర్లలో వినకండి, సగం పోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి బస్సులో కిటికీ పక్కన వినాల్సింది. నా వరుసలో వాడే చోటు ఇంత కచ్చితంగా ఉన్నది ఇదొక్కటే. పగలు పెడితే రెండు ట్రాకులకే దిగులు పట్టుకుంటుంది.

ఆరో స్థానానికి లారీ స్పీగెల్ 'ది ఎక్స్‌పాండింగ్ యూనివర్స్'ని పెడితే చాలామంది కనుబొమ్మలెగరేస్తారు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో గ్రూవ్ అనే కంప్యూటర్ వ్యవస్థ మీద, పరిశోధన సంస్థ గదుల్లో చేసిన సంగీతం, 1980లో రికార్డుగా వచ్చింది. నాలుగే ముక్కలు. చివరిదైన టైటిల్ ట్రాక్ సుమారు 28 నిమిషాలు. తంబురా శ్రుతిలో కాసేపు కూర్చోగలిగినవాళ్లకి దీనిలోకి దిగడం కష్టం కాదు. మార్పు జరుగుతున్నట్టు తెలియదు, తీరా చూస్తే ఎక్కడికో వచ్చేసి ఉంటాం. 2012 పునర్విడుదలలో అదనపు ముక్కలు చాలా చేర్చారు. అవి తర్వాత వినొచ్చు, ముందు ఆ నాలుగింటితో ఆపండి.

వరుసలో లేనివాటి గురించి రెండు మాటలు. బ్రయాన్ ఈనో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' (1978)కి ర్యాంకు ఇవ్వను. నిడివి వేరువేరుగా ఉన్న టేప్ లూపులు వాటంతటవి తిరుగుతూ, ఒక్కోసారి ఒక్కోలా కలుస్తూ ఉంటాయి. శ్రద్ధగా విన్నా వినకపోయినా ఒకేలా పనిచేయాలని చేసినదాన్ని, చివరిదాకా విన్నానా లేదా అన్న కొలతతో కొలవడం కుదరదు. విన్నానో లేదో నాకే తెలియదు. మన విమానాశ్రయాల్లో దీన్ని ఎవరైనా పెడితే బాగుండు, గేటు మారిందని అరిచే మైకు పక్కన.

వెండీ కార్లోస్ 1968లో మూగ్ సింథసైజర్ మీద చేసిన 'స్విచ్డ్-ఆన్ బాక్' స్ట్రీమింగ్‌లో దొరకదు. ఆ మూగ్‌లో ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది, బాక్ సంగీతంలోని ప్రతి వరుసనీ విడిగా వాయించి టేపు మీద పేర్చుకుంటూ పోయింది. ఆ ఓపికకి దండం పెట్టాలి. పాత డిస్క్ చేతికి చిక్కితే వినండి.

డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ' (2001) లేదేమని అడుగుతారు. మొదటి నాలుగు పాటలు ఈ భూమ్మీద ఏ ఆల్బమ్‌కీ తీసిపోవు, పెళ్లి సంగీత్‌లో కూడా చెల్లుతాయి. ఆ తర్వాత నా చెయ్యి ఫోన్ వైపు పోతుంది. చివరి ట్రాక్ పేరే 'టూ లాంగ్', పది నిమిషాలు, పేరుకు తగ్గట్టే ఉంది. ప్రాడిజీ 'ది ఫ్యాట్ ఆఫ్ ద ల్యాండ్' (1997) పరిస్థితీ ఇంతే: మూడు పాటలు నిప్పు, మిగతాది పొగ.

వినేముందు ఒక పని చేయండి. యాప్ సెట్టింగ్స్‌లో ఒక పాట చివరని తర్వాతి పాట మొదటితో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపేయండి, వరుస కలిపేసే షఫిల్ కూడా. ట్రాకుల మధ్య మౌనం ఎంతుండాలో చేసినవాళ్లు లెక్కపెట్టి పెట్టారు. 'కంప్యూటర్ వరల్డ్'లో 'నంబర్స్' ఆగకుండా 'కంప్యూటర్ వరల్డ్ 2'లోకి జారుతుంది. ఆ అతుకు దగ్గర యాప్ అర సెకను తడబడిందంటే దాన్ని మార్చేసి ఇంకో యాప్ వెతుక్కోండి.