మాడ్రిడ్‌లో గోయా మంత్రగత్తెలు, మా కిటికీ లేని గది

స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన మంత్రగత్తెల కోసం మాడ్రిడ్ వెళ్తే ప్రాడో మ్యూజియం ఒక్కటే చూసి వచ్చేయకండి. సెర్రానో వీధిలో లాసారో గాల్దియానో మ్యూజియం ఉంది. మేం వెళ్లినప్పుడు టికెట్ 7 యూరోలు, ప్రాడోకి 15. జనం తక్కువ. మూరెడు కూడా లేని రెండు బొమ్మల ముందు ఎంతసేపు నిలబడ్డా ఎవరూ తొయ్యరు.

1798లో ఒసూనా డచెస్ అనే జమీందారిణి కొన్న ఆరు మంత్రగత్తెల బొమ్మల్లో ఇవి రెండు. ఒకదాంట్లో కొమ్ములకు ఆకులు చుట్టుకున్న మేకపోతు దర్జాగా కూర్చుంటే, ఆడవాళ్లు దానికి పసిపిల్లల్ని అందిస్తుంటారు. వెక్కిరింతంతా ఇలాంటివి నమ్మేవాళ్ల మీదే. ఎంత చెప్పినా మా వదినకు ఆ మేక కళ్లు నచ్చలేదు. "డబ్బులిచ్చి మరీ ఇంట్లో పెట్టుకుందా ఆవిడ?" అంటూ పక్క గదిలోకి వెళ్లిపోయింది.

ఆ ఆరింట్లోదే ఇంకొకటి ప్రాడోలో ఉంది. పొడుగు టోపీల వాళ్లు ముగ్గురు ఒకణ్ణి గాల్లోకి ఎత్తేస్తుంటారు. కింద ఒకడు నెత్తిన దుప్పటి కప్పుకుని, చెడు తగలకుండా వేళ్ల మధ్య బొటనవేలు దూర్చి, పరుగో పరుగు. పక్కన గాడిద. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్న మనకు, ఆ గాడిద ఎందుకుందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గోయా ముసలితనంలో తన ఇంటి గోడల మీద వేసుకున్న నల్ల చిత్రాలూ ప్రాడోలోనే. అక్కడి మేకపోతు సభ నాలుగు మీటర్లు దాటుతుంది, నవ్వు మాత్రం రాదు. ఫ్రీ అని సాయంత్రం ఆరు తర్వాత వెళ్లకండి, టైమంతా క్యూకే సరి.

ఇక బస. నగరం నడిబొడ్డున సోల్ కూడలి దగ్గర, రాత్రికి 92 యూరోలు. ఫొటోలో బాల్కనీ. ఇచ్చిన గదికి కిటికీయే లేదు. అడిగితే, వీధివైపు గదికి రాత్రికి ఇంకో 18 అన్నారు. ఏసీ రిమోట్‌కి 6. తువ్వాలుకి 2! బావ మొహం మాడ్చుకుని ఆ పూట భోజనం కూడా మానేశాడు.

అక్కడ నచ్చింది ఒక్కటే, దెసెంగాన్యో వీధి నడిచేంత దూరం. 1799లో గోయా తన 'కాప్రిచోస్' అనే 80 వ్యంగ్య చిత్రాల ముద్రణలను అక్కడి సెంట్లు, మద్యం అమ్మే కొట్లో సెట్టు 320 రియాళ్లకు (అప్పటి స్పెయిన్ నాణేలు) అమ్మకానికి పెట్టాడు. ఒకదాంట్లో ఎండుచెట్టుకు సన్యాసి అంగీ తొడిగి ఉంటే, జనం దాని ముందు మోకరిల్లుతారు. ఇది చూపించాక వదిన పడీపడీ నవ్వింది. బావ అప్పుడు కూడా రిసెప్షన్ వాళ్లకు ఇచ్చిన 6 యూరోల గురించే మాట్లాడుతున్నాడు. బుక్ చేసేముందు గది వీధివైపా, లోపలివైపా అని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.