బొబ్బిలి యుద్ధానికి ఒక ఫ్రెంచి కోటు

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని మా బృందం ప్రదర్శించదలచినప్పుడు, ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలోని ఫ్రెంచి సైనికుడి వేషానికి కావలసిన కోటును విజయనగరంలోని ఒక చిన్న దర్జీ దుకాణంలో చేతికుట్టుతో కుట్టించుకున్నాను. అద్దెకు దొరికే తళుకుల పాలియెస్టరు కోట్లకూ దీనికీ పోలికే లేదు. బాగా దట్టించిన ఉన్ని గుడ్డకు పోగులు ఊడవు గనుక, ఆ కాలపు పద్ధతిలోనే అంచులను మడవకుండా కోసి వదిలేశారు; మోకాళ్ల దాకా దిగే కోటు అంచులను నడకకు అడ్డురాకుండా వెనక్కి మడిచి కొక్కేలతో బిగించారు; వెడల్పాటి చేతిమడతలపై ఇత్తడి గుండీలను మైనం పూసిన దారంతో ఒక్కొక్కటిగా కుట్టారు. లైనింగుకు నారబట్ట దొరకక పొందూరు ఖాదీ వేశారు. చరిత్ర ప్రకారం అది సరికాదు, కానీ మన ఉక్కపోతలో రెండు గంటలు నిలబడగలిగింది దాని పుణ్యమే. కాజాలను మొదట మిషనుపై కుట్టడం మాత్రం నాకు నచ్చలేదు. చెప్పగానే మారుమాట లేకుండా విప్పి చేత్తో కుట్టి ఇచ్చారు గాని, అందుకు మరో పది రోజులు పట్టింది. గుడ్డా కూలీ కలిపి 11,000 రూపాయలైంది. ప్రదర్శనకు రెండు నెలల ముందే కొలతలు ఇవ్వడం మంచిది.