స్క్రైబస్‌లో బొమ్మల పని: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పుస్తకాల పేజీలు కట్టడానికి నేను చాలా ఏళ్లుగా స్క్రైబస్ అనే పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. 1.4 వెర్షన్ రోజుల్లో మొదలుపెట్టి, 2024లో వచ్చిన 1.6 దాకా దానితోనే ఉన్నాను. ఉచితమని చాలామంది దీని దగ్గరికి వస్తారు. నేను వదలకుండా ఉండడానికి కారణం మాత్రం వేరు. ఇందులో బొమ్మను ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. వర్డ్ ప్రాసెసర్‌లో పైన రెండు వాక్యాలు కలిపితే కింది ఫొటో ఏ పేజీకి దూకుతుందో అన్న టెన్షన్ ఉంటుంది కదా, అది ఇక్కడ లేదు.

బొమ్మ తేవాలంటే ముందు ఐ కీ నొక్కి ఇమేజ్ ఫ్రేము గీయాలి. తర్వాత కంట్రోల్, ఐ కలిపి నొక్కి ఫైలు ఎంచుకోవాలి. ఫ్రేము కిటికీ లాంటిది, బొమ్మ దాని వెనక ఉంటుంది. కిటికీని జరపడం ఒక పని, వెనకున్న బొమ్మను జరపడం ఇంకో పని. కొత్తగా వాడేవాళ్లు తికమకపడేది ఇక్కడే. పెద్ద ఫొటో తెస్తే అది 100 శాతం సైజులో పై ఎడమ మూల నుంచి మొదలవుతుంది. దాంతో ఫ్రేములో ఆకాశం ముక్క ఒక్కటే కనిపించి, ఫైలు పాడైందేమో అనిపిస్తుంది. రైట్ క్లిక్ చేసి 'అడ్జస్ట్ ఇమేజ్ టు ఫ్రేమ్' నొక్కితే మొత్తం ఫొటో లోపలికి సర్దుకుంటుంది. ముఖం ఒక్కటే కావాలంటే ఫ్రేము మీద డబుల్ క్లిక్ చేసి, లోపలి బొమ్మను లాగితే చాలు. అసలు ఫైలును కత్తిరించే పనే ఉండదు. రేపు ఎడిటర్ మనసు మార్చుకుని పక్కనున్న మనిషి కూడా కనిపించాలంటే ఫ్రేము అంచు జరిపితే సరిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది అంకెలతో పని చేయడం. ఎఫ్2 నొక్కితే వచ్చే ప్రాపర్టీస్ పలకలో ఎక్స్, వై, వెడల్పు, ఎత్తు నేరుగా టైప్ చేయొచ్చు. ఉదాహరణకు ఏ4 పేజీ 210 × 297 మి.మీ. ఉంటుంది. అట్ట మీద ఫొటో నాలుగు అంచులా కోత దాటి రావాలి, అలా దాటే భాగం (బ్లీడ్) 3 మి.మీ. అనుకుందాం. అప్పుడు ఎక్స్, వై రెండూ మైనస్ 3, వెడల్పు 216, ఎత్తు 303. మౌస్‌తో కంటి అంచనాకు లాగితే ఈ కచ్చితత్వం రాదు. కోత కాస్త పక్కకు జరిగితే అంచున తెల్ల గీత తేలుతుంది. పుస్తకంలో ప్రతి అధ్యాయం మొదట ఒకే చోట బొమ్మ రావాల్సి ఉన్నా ఇవే అంకెలు మళ్లీ కొడితే అయిపోతుంది.

బొమ్మ వివరాల్లో 'యాక్చువల్ డీపీఐ' అని, పేజీ మీద అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో చెప్పే ఒక అంకె కనిపిస్తుంది. అలవాటుగా దాన్ని చూడండి. 1800 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను 6 అంగుళాల్లో పెడితే 300 వస్తుంది, 12 అంగుళాలకు సాగదీస్తే 150కి పడిపోతుంది. ఫైలు అదే, పేజీ మీద నాణ్యత మాత్రం సగం. స్క్రీన్ మీద రెండూ బాగానే కనిపిస్తాయి, తేడా బయటపడేది ప్రింటులో. కనీసం ఎంత డీపీఐ ఉండాలో సెట్టింగుల్లో పెట్టుకుంటే, అంతకు తగ్గిన ప్రతి బొమ్మనూ ప్రీఫ్లైట్ వెరిఫయర్ (ప్రింటుకు ముందు తప్పులు వెతికే సాధనం) పేజీతో సహా చూపిస్తుంది. పీడీఎఫ్ తీసే ముందు నేను దీన్ని ఎప్పుడూ వదలను.

బొమ్మలు డాక్యుమెంటు లోపల ఉండవని గుర్తుంచుకోవాలి. ఫైలు ఎక్కడుందో ఆ దారిని మాత్రమే డాక్యుమెంటు దాచుకుంటుంది. అందువల్ల వందల ఫొటోలున్న పుస్తకమైనా డాక్యుమెంటు తేలిగ్గా ఉంటుంది, జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో రంగులు సరిచేసిన ఫొటోను 'అప్‌డేట్ ఇమేజ్' తో తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే ఫోల్డరు పేరు మార్చితే బొమ్మలు మాయమవుతాయి. పని ఇంకో కంప్యూటర్‌కు పంపేటప్పుడు ఫైల్ మెనూలోని 'కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్' వాడితే డాక్యుమెంటు, బొమ్మలు, కావాలంటే ఫాంట్లు కూడా ఒకే చోటికి చేరతాయి.

లోగోలు, మ్యాపులు ఎస్‌వీజీలో (పిక్సెళ్లతో కాక గీతలతో తయారైన వెక్టర్ ఫైలు) ఉంటే ఫ్రేము వద్దు, ఫైల్ మెనూలోని ఇంపోర్ట్ ద్వారా తేవాలి. గీతలన్నీ విడివిడిగా మార్చుకోగలిగే వస్తువులుగా వస్తాయి. మసక నీడల లాంటి ఎఫెక్టులు మాత్రం సరిగా రావు.

ఇక నన్ను ఇబ్బంది పెట్టేవి. బొమ్మ చుట్టూ మ్యాటర్ పారించే సదుపాయం ఉంది, కానీ మ్యాటర్ ఫ్రేము కన్నా బొమ్మ ఫ్రేము పై లెవెల్‌లో ఉంటేనే పని చేస్తుంది. ఈ సంగతి తెలియక ఎంత నొక్కినా అక్షరాలు కదలవు. పైగా బొమ్మకూ అక్షరాలకూ మధ్య ఇన్ని మి.మీ. ఖాళీ వదలమని చెప్పే గడి ఆ సదుపాయం పక్కనే ఉండదు. అక్షరాలు ఎక్కడ ఆగాలో చెప్పే కాంటూర్ లైన్ తెరిచి ఆ గీతను పెంచాలి. చదరపు బొమ్మలకు నేను తేలిక దారి పట్టాను: ఫ్రేమును బొమ్మ కన్నా కొంచెం పెద్దదిగా ఉంచి, బొమ్మను లోపల మధ్యకు జరుపుతాను. చుట్టూ మిగిలిన జాగానే ఖాళీ అవుతుంది.

అంతకన్నా పెద్ద లోటు, బొమ్మను ఫలానా పేరాకు కట్టి, ఆ పేరా కదిలితే బొమ్మ కూడా పక్కనే కదిలేలా చేయలేకపోవడం. అడోబీ వారి పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యాంకర్డ్ ఆబ్జెక్టులు చేసే పని అదే. ఇక్కడ బొమ్మను అక్షరంలా వాక్యం మధ్యలో పెట్టడం వరకే కుదురుతుంది. పేజీ స్థిరంగా ఉండే పత్రిక, ఫొటో పుస్తకం, పోస్టరు లాంటి వాటికి ఇది పెద్ద సమస్య కాదు. ప్రతి మెట్టుకూ ఒక స్క్రీన్‌షాట్ ఉండే సాఫ్ట్‌వేర్ మాన్యువల్ అయితే మాత్రం మధ్యలో ఒక పేరా చేరగానే తర్వాతి బొమ్మలన్నీ చేత్తో జరపాల్సిందే. అలాంటి పని స్క్రైబస్‌లో చేయక తప్పకపోతే మ్యాటర్ ప్రూఫులు పూర్తిగా అయ్యాకే బొమ్మలు మొదలుపెట్టండి. ప్రతి బొమ్మనూ దాని క్యాప్షన్‌తో కలిపి గ్రూప్ చేయండి, అప్పుడు జరపాల్సి వచ్చినా రెండూ కలిసే కదులుతాయి.