హామ్‌స్ట్రింగ్ గాయం రాకుండా: నార్డిక్ వ్యాయామమా, పూర్తి వేగపు పరుగా?

ఎవరూ తాకకుండానే, పరుగు మధ్యలో తొడ వెనక కండరం (హామ్‌స్ట్రింగ్) పట్టేస్తుంది. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో అతి తరచుగా కనిపించే కండరాల గాయం ఇదే. దీన్ని తప్పించుకోవడానికి రెండు దారులు: మోకాళ్ల మీద నుంచి ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం, పూర్తి వేగపు పరుగు.

ఖర్చు: నార్డిక్‌కు ఒక చాప, చీలమండలు గట్టిగా పట్టుకునే తోడు చాలు. పరుగుకు మైదానం కావాలి, వేగం కొలిచే జీపీఎస్ ఉంటే మేలు.

శ్రమ: నార్డిక్‌లో మోకాళ్ల మీద నిలబడి, నడుము వంగకుండా మెల్లగా ముందుకు వాలాలి. మొదటి వారం ఒక్కరోజే, 5 సార్లు చొప్పున 2 సెట్లు. పరుగైతే వారానికి ఒకటి రెండు రోజులు, గరిష్ఠ వేగంలో 90 శాతం దాటేలా.

ముప్పు: నార్డిక్ తొలిరోజే ఎక్కువ చేస్తే రెండు రోజులు తొడ కండరాల నొప్పులు. చాలామంది మానేసేది ఇక్కడే. మ్యాచ్ ముందురోజు అసలే వద్దు. పరుగు ముప్పు ఇంకా పెద్దది. సెలవుల తర్వాత ఒక్కసారిగా వేగం పెంచితే, తప్పించుకోవాలనుకున్న గాయమే తగులుతుంది. అయినా మ్యాచ్‌లో ఎదురయ్యే అసలు ఒత్తిడికి కండరాన్ని అలవాటు చేసేది పరుగే.

ఏది ఎవరికి: సీజన్ ముందు, పాత గాయం ఉన్నవారు నార్డిక్‌తో మొదలుపెట్టాలి. బెంచీకే పరిమితమైన ఆటగాడికి పరుగు ముఖ్యం. వారానికి రెండు మ్యాచ్‌లు పూర్తిగా ఆడేవారికి వేగం అక్కడే దొరుకుతుంది, వారానికి ఒక నార్డిక్ సెషన్ కలిపితే చాలు.