బరంపురంలో పేరు చీటీ: లెక్క గట్టిది, అర్థమే పల్చన

ఒడిశాలోని బరంపురంలో నక్షత్రం చూసి పేర్లు రాసిచ్చే ఒక దుకాణం చీటీ ఇది. కృత్తిక ఒకటో పాదం, ‘అ’ అక్షరం, అశోక్ అనే పేరు. పిలుపు పేరుగా ప్రియదర్శి. రూ.300కి రెండు పేజీలు, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి.

లెక్కకు వంక పెట్టలేం. పాదమంటే నక్షత్రంలో నాలుగో వంతు, కోణంలో 3 డిగ్రీల 20 నిమిషాలు. చంద్రుడు దాటడానికి ఇంచుమించు 6 గంటలు. పుట్టిన టైము కాస్త అటూ ఇటూ అయినా, పాదం మారే వేళకు దగ్గరైతే తప్ప అక్షరం మారదు. ఆ వేళలు చీటీలోనే వేశారు, మెచ్చుకోవాలి.

అర్థాల దగ్గరే తేలిపోయింది. అశోకుడంటే శోకం లేనివాడు, సరే. పక్కన వేసిన చెట్టు బొమ్మ మాత్రం నరమామిడిది! నిటారుగా పెరిగే దాన్నే నర్సరీల్లో అశోకమని అమ్మేస్తున్నారు. అసలు అశోకానికి నారింజ-ఎరుపు పూలగుత్తులు ఉంటాయి. ప్రియదర్శికి ‘చూడముచ్చటైనవాడు’ అని రాశారు. అది ప్రియదర్శనుడికి సరిపోతుంది. ప్రియదర్శి అంటే ప్రేమగా చూసేవాడు.

పెద్ద తప్పు ఇంకోటి: ‘మన జౌగడ బండ మీద చెక్కిన పేరు అశోక’ అట. ఋషికుల్య నది దగ్గరున్న ఆ శాసనంలో రాజు పేరు ‘దేవానంపియ పియదసి’. పియదసి అంటే ప్రియదర్శే. అక్కడి ప్రాకృతంలో రాజా కూడా ‘లాజా’యే. అశోక అన్న పేరు 1915లో బయటపడ్డ మస్కి శాసనంలో ఉంది, అది కర్ణాటకలో. కళింగ యుద్ధం గురించి చెప్పే 13వ శాసనం కూడా జౌగడలో లేదు. 11 నుంచి 13 దాకా వదిలేసి రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. అంటే ఊరి గొప్పకు పిలుపు పేరే దగ్గర.

పుట్టుక నమోదు సంగతి చీటీలో ఒక్క ముక్క లేదు. ఒడియాలో ‘శ’ను ‘స’గానే పలుకుతారు, చివరి అచ్చునూ వదలరు. ఫారం నోటితో చెప్పి నింపిస్తే ఇంగ్లీషులో అసోక, అశోక్, ఏదైనా పడొచ్చు. ఒడియాలోనూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనూ రాసిచ్చి, ఇంటిపేరు తండ్రి ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ఇవ్వాలి. మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడి వాడుకలో చివర. తారుమారైతే స్కూల్లో చేర్చేటప్పుడు తెలుస్తుంది. పుట్టుక 21 రోజుల్లో నమోదు కావాలి. పేరు 12 నెలల్లోపు ఉచితంగా చేర్చుకోవచ్చు, తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో. కలిసొస్తుందని ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో ‘ఎస్’ ఇరికించే ప్యాకేజీ రూ.500. అది వద్దు.