పగిలిన రాతికి ఏది మేలు: ఇనుప రిబ్బులా, రాక్ బోల్టులా?

విశాఖ డాల్ఫిన్ నోస్ దగ్గర సముద్ర మట్టానికి 150 మీటర్లకు పైగా లోతున, 60 వేల టన్నుల ఎల్పీజీ పట్టే గుహ ఉంది. ఆ చుట్టుపక్కలే 13.3 లక్షల టన్నుల ముడి చమురు దాచే గుహలూ ఉన్నాయి. ఇంత పెద్ద ఖాళీల చుట్టూ కాంక్రీటు గోడ లేదు. బరువంతా మోసేది అక్కడి రాయే. అది పగిలి ఉన్న చోట ఏం చేయాలి? లోపలి నుంచి కమానుల్లా వంచిన ఇనుప రిబ్బులు నిలబెట్టాలా, రాతిలోకి బోల్టులు (పొడవాటి ఉక్కు కడ్డీలు) దించి పైన షాట్‌క్రీట్ (గొట్టంతో చిమ్మే కాంక్రీటు) కొట్టాలా? మన విశాఖ కొండల రాయి ఖోండలైట్‌లో లోతుకు వెళ్లాక నా ఓటు బోల్టులకే.

కైలాసగిరి వైపు కొండను కోసిన చోట ఈ రాయిని దగ్గరగా చూడండి. ఎర్రటి గార్నెట్ గింజలు, ఒకే వాటంగా వాలిన పొరలు కనిపిస్తాయి. పైపైన వాతావరణానికి మెత్తబడిన చోట చేత్తో నలిపితే పొడి రాలుతుంది. లోతులో అదే రాయి సుత్తికి కూడా లొంగదు, కానీ పొరల వెంట విడిపోయే గుణం మాత్రం అక్కడా ఉంటుంది.

బ్లాస్టింగ్ అయ్యాక కప్పు ఎప్పుడూ నున్నగా రాదు. రిబ్బుకీ రాతికీ మధ్య సందు మిగులుతుంది. దాన్ని గట్టిగా పూడ్చకపోతే, రాయి వదులై కిందికి జారి రిబ్బును తాకేదాకా రిబ్బు మీద బరువే పడదు. అప్పటికి ఆపాల్సిన రాయి ఎక్కువైపోతుంది. బోల్టు అలా కాదు, పగులును దాటి వెనకున్న గట్టి రాతిని పట్టుకుంటుంది. అందుకే దాన్ని పొరలకు అడ్డంగా దించాలి, పొరల వెంట దించితే ఉపయోగం తక్కువ.

చిన్న లెక్క చూద్దాం. 25 మిల్లీమీటర్ల ఎఫ్‌ఈ500 రకం ఉక్కు కడ్డీ సాగడం మొదలయ్యేది సుమారు 25 టన్నుల దగ్గర. అటూ ఇటూ మీటరున్నరకు ఒక బోల్టు చొప్పున వేస్తే, 2 మీటర్ల మందాన కప్పు వదులైనా ఒక్కో బోల్టు వాటాకు వచ్చేది 12 టన్నులు. అంటే సగమే. కడ్డీ ఆ వదులు రాయి దాటి ఇంకో మీటరో రెండు మీటర్లో లోపలికి వెళ్లాలి, చుట్టూ గ్రౌట్ (సందులో నింపి గట్టిపడే సిమెంటు లేదా రెసిన్ ముద్ద) పూర్తిగా నిండాలి.

రెసిన్ క్యాప్సూల్ నిమిషాల్లో పట్టేస్తుంది, సిమెంటుకు గంటలు పడుతుంది. కప్పు టెన్షన్ పెడుతుంటే రెసిన్ వాడాలి, మిగతా చోట్ల సిమెంటు చాలు. పలుచటి గొట్టాల్లాంటి ఫ్రిక్షన్ బోల్టులు తాత్కాలికంగానే పనికొస్తాయి. సముద్రం పక్కన ఉప్పు నీరు వాటిని తినేస్తుంది.

షాట్‌క్రీట్‌లో వెల్డ్ మెష్ (ఇనుప వల) కంటే స్టీల్ ఫైబర్ (సన్నటి ఉక్కు తీగ ముక్కలు) నయం. గతుకుల కప్పుకు మెష్ అతుక్కోదు, దాని వెనక గాలి గూళ్లు మిగులుతాయి. సుత్తితో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిన చోట పని అయిందని సంతకం పెట్టకూడదు.

నిల్వ గుహల్లో ఇంకో మెలిక ఉంది. చుట్టూ ఉన్న భూగర్భ జలం ఒత్తిడే గ్యాస్‌ను లోపల ఉంచుతుంది. కాబట్టి ఊట తగ్గించడానికి గ్రౌటింగ్ చేయాలి, కానీ నీటి మట్టం పడిపోకుండా చూసుకోవాలి. షాట్‌క్రీట్ వెనక ఒత్తిడి పెరగకుండా చిన్న రంధ్రాలు వదలాలి.

రిబ్బులు వద్దనడం లేదు. సొరంగం ముఖద్వారం దగ్గర, రాయి మట్టిగా మారిన చోట బోల్టుకు పట్టే దొరకదు. అక్కడ ముందుగా పైపులు దించి, రిబ్బులు పెట్టి, వాటిని షాట్‌క్రీట్‌లో కప్పేయడమే మేలు.

నలిగిన రాయి, నీరు, బురద కలిసి వచ్చే చోట మాత్రం తవ్వాక ఈ రెండూ ఆలస్యమే. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో కప్పు కూలినప్పుడు లోపల చిక్కుకున్న 8 మందిలో ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. అలాంటి నేలలో ముందుకు సన్నటి బోర్లు వేసి చూడాలి, నీరు చిమ్మితే యంత్రం ఆపాలి, గ్రౌట్ ఎక్కించి అది గట్టిపడ్డాకే మనుషుల్ని పంపాలి. దానికి పట్టే రోజుల్ని టెండర్‌లోనే లెక్కగట్టి ఇవ్వాలి.