అమ్మ మోకాళ్ళ లెక్కలో సింగపూర్

సింగపూర్‌లో ఏం చూడాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. ఎక్కడ కూర్చోవచ్చో చెప్పేవాళ్ళే కనబడలేదు. మా అమ్మకు 68 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. పది నిమిషాలు నడిస్తే అయిదు నిమిషాలు కూర్చోవాలి. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడికి కూర్చోవడమంటేనే శిక్ష. వీళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని నేనూ మా ఆవిడా విశాఖలో విమానం ఎక్కి, ఆరు రోజులు అక్కడ తిరిగి వచ్చాం. కాబట్టి కింద వేసిన మార్కులు చాలావరకు అమ్మ మోకాళ్ళు వేసినవే.

ముందు బస సంగతి, ఎందుకంటే మొదటి దెబ్బ అక్కడే తగిలింది. లిటిల్ ఇండియాలో ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. ఫోటోల్లో మంచాలు, టీవీ, గోడకు అందమైన తెర అన్నీ ఉన్నాయి. తెర వెనక కూడా గోడే ఉందని గదిలోకి వెళ్ళి దాన్ని పక్కకు లాగినప్పుడు గాని తెలియలేదు. తక్కువ ధర గదులకు కిటికీ లేకపోవడం ఆ ఊళ్ళో మామూలేనట. అమ్మకు మన లెక్కన నాలుగింటికల్లా మెలకువ వస్తుంది. చీకటో వెలుగో తెలియక తలుపు తీసి వరండాలోకి చూసింది, అక్కడ ట్యూబులైట్లు. చివరికి లిఫ్టులో కిందికి దిగి, వీధిలో నిలబడి ఆకాశం చూసి వచ్చి, "ఇంకా తెల్లవారలేదురా" అని నన్ను లేపి మరీ చెప్పింది. అక్కడి గడియారంలో ఆరున్నర అయింది. మనకంటే రెండున్నర గంటలు ముందున్నా, సూర్యుడు వచ్చేసరికి ఏడవుతుంది. మర్నాడు అదనంగా డబ్బు కట్టి కిటికీ ఉన్న గదికి మారాం. బుక్ చేసేముందు గది వివరాల్లో 'కిటికీ' అన్న మాట ఉందో లేదో వెతకండి. దాని గురించి ఏమీ రాయలేదంటే అది లేనట్టే అనుకోండి.

పేట మాత్రం మళ్ళీ వెళ్ళినా అదే. సెరంగూన్ రోడ్డు మీద పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది, పెరుగు దొరుకుతుంది, అమ్మకు మాట కలిపే మనిషీ దొరుకుతుంది. తమిళం అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి కాబట్టి బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. అమ్మకు చదవడం రాదు, అయినా ఆ గుండ్రటి అక్షరాలు చూసి ఏదో చుట్టాల ఊరు వచ్చినట్టు ధైర్యపడింది. 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి నడిచే దూరంలోనే ఉంది. తమిళుల మురుగన్ పండుగ తైపూసం ఊరేగింపు బయలుదేరేది ఇక్కడి నుంచే. అమ్మ రెండు పూటలు వెళ్ళింది, ఒక పూట గంటసేపు మండపంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మార్కులు పదికి పది. ఆ పేటలోనే ఉన్న ముస్తఫా అనే పెద్ద దుకాణంలో మాత్రం ఎవరినీ ఒంటరిగా వదలకండి. పసుపు నుంచి పెట్టెల దాకా అన్నీ ఒకే కప్పు కింద ఉండటంతో మా ఆవిడ ఎక్కడుందో కనిపెట్టడానికే నాకు అరగంట పట్టింది.

రవాణాకు కార్డు తాకిస్తే చాలు, దిగేటప్పుడు కూడా తాకించడం మరిచిపోకూడదు. మెట్రోలో లిఫ్టులు ఉంటాయి, వయసు మళ్ళినవాళ్ళను చూసి కుర్రవాళ్ళు లేస్తారు. అయితే పెద్ద స్టేషన్లలో ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారడానికి భూమిలోపల చాలా దూరం నడవాలి, ఎస్కలేటర్లు మన వాటికంటే వేగంగా పరుగెత్తుతాయి. అమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టలేక మూడుసార్లు వెనక్కి తగ్గింది. రెండో రోజు నుంచి చాలావరకు బస్సులే. ఆలస్యమైనా ఊరు కనిపిస్తుంది. అబ్బాయికి పై అంతస్తు ముందు సీటు దొరికిందంటే ఇంక టిక్కెట్టు పెట్టి చూపించాల్సిన వింత ఏదీ అక్కర్లేదు.

మెరీనా తీరంలో గార్డెన్స్ బై ది బే అనే పెద్ద తోట కోసం ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి. రెండు అద్దాల మందిరాలకు టిక్కెట్టు ఉంది. ఒక్కటే చూడాలంటే మంచుమబ్బుల అడవి, అదే క్లౌడ్ ఫారెస్ట్. లోపల 35 మీటర్ల జలపాతం ఉంది. లిఫ్టులో పైకి వెళ్ళి, మెల్లగా వాలుగా ఉన్న దారిలో కిందికి దిగుతాం, అంటే మోకాళ్ళు ఎక్కే పని లేదు. చలిగా ఉంటుంది, శాలువా తీసుకెళ్ళండి. బయట ఉక్కుతో కట్టిన చెట్ల కింద రాత్రి 7:45కీ 8:45కీ దీపాలతో, సంగీతంతో జరిగే ప్రదర్శనకు పైసా ఇవ్వక్కర్లేదు. అందరూ నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు. అమ్మ అటూ ఇటూ చూసి, కొంగు సర్దుకుని, తనూ పడుకుంది. పావుగంట సేపు 50 మీటర్ల దాకా ఎత్తున్న చెట్లు రంగులు మారుతుంటే నోరు తెరిచి చూసింది. ఆట అయిపోయాక లేవడం కుదరలేదు. నేనొక చెయ్యి పట్టుకున్నాను, పక్కనున్న ఎవరో చీనీ అమ్మాయి రెండో చెయ్యి పట్టుకుంది. లేచి నిలబడ్డాక ఆ అమ్మాయి బుగ్గలు పుణికి అమ్మ తెలుగులోనే దీవించింది. ఆ పిల్లకు ఏం అర్థమైందో గాని తల వంచి నవ్వింది.

తిండి విషయంలో చిన్న చిన్న తిండి అంగళ్ళన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లే మేలు. రెస్టారెంట్లలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే, బిల్లు మీద 10 శాతం సర్వీసు చార్జీ, ఆపైన 9 శాతం పన్ను పడతాయని అర్థం. ఒక డాలరుకు 65 రూపాయల పైనే పోస్తున్నప్పుడు ఆ రెండు గుర్తులూ గుండెకు గుచ్చుకుంటాయి. హాకర్ సెంటర్లో ఆ బాధ లేదు, బోర్డు మీద ఎంత ఉంటే అంతే. బల్ల మీద రుమాలు కాగితాల ప్యాకెట్టు పెట్టి ఉంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టు. మా వాడికి ఇది వింతగా తోచింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్న వంశం మాది, నాకేమీ కొత్త అనిపించలేదు. తిన్నాక పళ్ళేలు మనమే తీసుకెళ్ళి పెట్టాలి, లేకపోతే జరిమానా.

శాకాహారులకు ఒక హెచ్చరిక. చీనా శాకాహార అంగడిలో అమ్మకు అన్నం మీద నిగనిగలాడే బాతు ముక్కలు వచ్చాయి. గోధుమ పిండి జిగురుతో చేసినవని నేను ఎంత చెప్పినా ముట్టుకోలేదు. "శాకాహారమే అయితే దానికి బాతు వేషం ఎందుకు?" అంది. జవాబు నా దగ్గర లేదు. పక్క అంగట్లో టోస్టూ టీ తెచ్చాను.

సెంతోసా దీవికి ఒక రోజు సరిపోతుంది. మా ఆవిడా అబ్బాయీ యూనివర్సల్ స్టూడియోస్‌కు వెళ్ళారు. వాడికి అదే స్వర్గం, ఆ విషయంలో నేను న్యాయం చెప్పలేను. నేనూ అమ్మా దీవిలో ఉచిత బస్సులెక్కి తిరిగాం. పలావన్ తీరంలో నీళ్ళు కదలవు. ఇసుక తెచ్చి పోశారు, ఎదురుగా రాళ్ళ కట్టలు, వాటి వెనక వరసగా లంగరు వేసిన ఓడలు. భీమిలి తీరంలో పెరిగిన మనిషి కాసేపు చూసి, "ఇది సముద్రమా, ఊరి చెరువా?" అంది. అలల కోసం అయితే సింగపూర్ వెళ్ళకండి, పిల్లలను భయం లేకుండా నీళ్ళలో దింపడానికి మాత్రం ఇంతకంటే మంచి చోటు ఉండదు. అమ్మకు నచ్చింది సిలోసో కోట. యుద్ధకాలపు ఫిరంగుల కోసం కాదు, పదకొండు అంతస్తుల ఎత్తు వంతెన మీదికి లిఫ్టు ఉంది, గాలి ఉంది, టిక్కెట్టు లేదు.

నైట్ సఫారీలో దాదాపు 40 నిమిషాలు ట్రాములో కూర్చునే చూడవచ్చు, కాబట్టి మోకాళ్ళు ఒప్పుకున్నాయి. అయితే అది ఉన్న మండాయ్ ఊరికి దూరం, జంతువులను చూపించేది రాత్రి ఏడుంబావు తర్వాతే. తిరుగు బస్సులో ముగ్గురూ నా భుజాల మీదే నిద్రపోయారు, భుజాలు రెండే ఉన్నా.

ఒక ఉదయం అబ్బాయీ నేనూ పులావ్ ఉబిన్ అనే చిన్న దీవికి వెళ్ళాం. చాంగీ రేవులో చెక్క పడవ 12 మంది పోగయ్యాకే కదులుతుంది. టైము పట్టిక అంటూ లేని చోటు ఆ ఊళ్ళో నాకు అదొక్కటే కనిపించింది. దీవిలో అద్దె సైకిళ్ళు, పాత గ్రానైటు క్వారీల్లో నిండిన ఆకుపచ్చ నీళ్ళు, చెక్ జావా మడ అడవులు. అంత దాకా వెళ్ళినవాళ్ళు దీన్ని వదులుకోవద్దు. అమ్మను తీసుకెళ్ళకపోవడమే మంచిదైంది, పడవలోకి దిగేటప్పుడు మెట్లు తడిగా ఉన్నాయి.

ఇక బొటానిక్ గార్డెన్స్. 1859లో మొదలై, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తోట. ఆర్కిడ్ల తోటకు తప్ప మిగిలినదానికి టిక్కెట్టు లేదు, పొద్దున్న అయిదింటి నుంచి తెరిచే ఉంటుంది. లిటిల్ ఇండియా నుంచి మెట్రోలో మూడో స్టేషనే, ఒకే లైను. మొదటిసారి మేం చేసిన తప్పు ఏమిటంటే, ఆ స్టేషను గేటు నుంచి ఆర్కిడ్ల దాకా నడిచి పోదామనుకోవడం. తోట పొడవైనది, ఆర్కిడ్లు దాని నడుమ ఉన్నాయి. అమ్మ ప్రతి బెంచీనీ పలకరిస్తూ వచ్చింది, చేరేసరికి ఎండ ఎక్కింది. పెద్దవాళ్ళతో వెళ్తే నాసిమ్ గేటు దాకా టాక్సీలో వెళ్ళండి.

ఆఖరి రోజు రాత్రికి విమానం. పగలు కాస్త సమయం మిగిలింది. అబ్బాయి సింగపూర్ ఫ్లయర్ ఎక్కుదామన్నాడు. 165 మీటర్ల చక్రం, అరగంట కూర్చునే తిరగడం, మోకాళ్ళకు అభ్యంతరం లేదు. డబ్బు లెక్క వేసి చెబుతుంటే అమ్మ, "మొన్నటి తోటకు పోదాం, ఈసారి నడవను" అంది. ఓటింగులో ఇద్దరికి ఇద్దరం అయ్యాం, పెద్దరికం గెలిచింది. స్టేషను గేటు దగ్గరే ఉన్న చెరువు గట్టున బెంచీ చూసుకుని కూర్చుంది. అబ్బాయి మూతి ముడుచుకుని దూరంగా నిలబడ్డాడు. కాసేపటికి గట్టు మీది గడ్డిలోంచి మూరెడుకు పైగా ఉన్న ఉడుము ఒకటి తాపీగా మా ముందు నుంచే నడిచి నీళ్ళలోకి జారింది. వాడు పరుగెత్తుకొచ్చాడు. ఉడుము ఈదుతుందా, కరుస్తుందా, మన ఊళ్ళో కూడా ఉంటుందా అని మొదలుపెట్టాడు. అమ్మ బెంచీ మీద కాస్త జరిగి వాడికి చోటిచ్చింది.